అల్లుడి ఎడమ పగ్గం

మా ఆవిడ ఎవరినీ ఒక్కసారికి నమ్మేది కాదు. కండక్టరు "ఈ బస్సు అటే పోతుందమ్మా" అని చెప్పినా, ఎక్కి కూర్చున్నాక పక్క సీటు మనిషిని మళ్లీ అడిగేది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో నర్సు మాత్ర చేతిలో పెడితే, దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "నిన్నటిదానికి మధ్యలో గీత ఉందే, దీనికి లేదేం?" అంది. ఆమె పోయి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ గ్యాసు కట్టేసి వచ్చాక వంటింటి గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాను. "కట్టావా? చెయ్యి పెట్టి చూశావా?" అని వెనకనుంచి అడగాల్సిన మనిషి అడగదు. వెనక్కి వెళ్లి చెయ్యి పెట్టి చూసి వస్తాను.

ఆమె పని గుర్రాలకు నడక నేర్పడం, మనుషులకు గుర్రమెక్కడం నేర్పడం. లారీలు తిరిగే పెద్ద రోడ్డును ఆనుకుని ఉన్న స్వారీ బడిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. అదే ఆవరణలో, కొట్టాలకు ఎదురుగా, రేకుల గదిలో కూర్చుని నేను జీనులు, కళ్లేలు, పగ్గాలు కుట్టేవాణ్ని. మా పరిచయమే ఒక అనుమానంతో మొదలైంది. నేను కుట్టిచ్చిన మొదటి పగ్గం పట్టుకొచ్చి, "ఇక్కడో కుట్టు తప్పింది. కావాలని తప్పావా, చూసుకోలేదా?" అని అడిగింది. చూసుకోలేదన్నాను. నమ్మలేదు. ఆరు నెలల తర్వాత పెళ్లి చేసుకున్నాం.

కొట్టంలో అందరూ ఆమెను చాటుగా సీఐడీ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. మొదట ఆ పేరు పెట్టిందెవరో మాత్రం ఎంత ఆరా తీసినా తేలలేదు. నేనే.

ఆమెకు పనిలో ఒక పద్ధతుండేది. కొత్తగా వచ్చినవాళ్లను తిన్నగా గుర్రమెక్కనిచ్చేది కాదు. నా గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, పగ్గాలు చేతికిచ్చేది. పగ్గాల రెండో చివర గుర్రం నోట్లో ఉండాల్సిన ఇనప కడ్డీ ఉంటుంది కదా, దాన్ని తను రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా కూర్చునేది. "ఇప్పుడు నేను గుర్రాన్ని," అనేది. గుర్రం మెడ చాపినట్టు చేతులు చాపేది, తల తిప్పినట్టు పక్కకు తిప్పేది. వాళ్ల చేతులు తన వెంట వస్తున్నాయా, అడ్డం పడుతున్నాయా అని చూసేది. బ్యాంకులో పనిచేసే ఒకాయన, లావుపాటి కళ్లజోడు, చాలా మర్యాదస్తుడు, ఆ బల్ల మీద కూర్చున్న మొదటిరోజే ఆమె తేల్చేసింది.

"చేతులా అవి? తలుపు గొళ్లేలా? ఏ జంతువు భరిస్తుందండీ మిమ్మల్ని?"

ఆ రోజునుంచి ఆయన గొళ్లెమయ్యాడు. తన మోటారుసైకిలు మీద కూడా ఆ పేరే రాయించుకున్నాడు.

ఇక అల్లుడు. గోధుమరంగు మగ గుర్రం. వచ్చిన రోజు గడ్డి వేస్తే మొహం తిప్పుకున్నాడు. తొట్టి మార్చి పెడితే తప్ప నీళ్లు ముట్టలేదు. గుర్రాల ఆలనాపాలనా చూసే సాయీసు నడుం మీద చేతులు పెట్టుకుని, "అత్తారింటికొచ్చిన కొత్తల్లుడివా ఏంట్రా నువ్వు, ఈ అలకలేంటి?" అన్నాడు. పేరు నిలిచిపోయింది. అల్లుడికి అడుగు నేర్పింది, మలుపు నేర్పింది, మనిషిని మోయడం నేర్పింది, అన్నీ మా ఆవిడే. వాడి విషయంలో మాత్రం ఆమె కాస్త నమ్మకంగా ఉండేది. "వీడికి అబద్ధాలు రావు," అనేది.

ఒక ఎండాకాలం, ఆవరణకు రోడ్డువైపు మూలలో, గోడ అవతల ఒక లారీ టైరు పేలింది. అల్లుడు కుడిపక్కకు ఎగిరి దూకాడు. ఆమె పడింది. భుజం దగ్గర ఎముక విరిగి, ఆరు వారాలు కట్టుతో ఇంట్లో కూర్చుంది. కట్టు విప్పిన మర్నాడే మళ్లీ వాడినే ఎక్కింది. "టైరు పేలితే నువ్వూ ఎగురుతావు. వాడి తప్పేముంది?" అని, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మేమూ మర్చిపోయాం.

వానలు మొదలయ్యాక అల్లుడు లాగడం మొదలుపెట్టాడు.

ఉత్తప్పుడు తాడు పట్టుకుని నడిపిస్తే మేకపిల్లలా వచ్చేవాడు. పైన మనిషి కూర్చుని పగ్గాలు అందుకోగానే నాలుగడుగులు వేసి, మెడ చాపి, తల కిందికి విసిరేవాడు. పగ్గాలు చేతుల్లోంచి సర్రున జారిపోయేవి. గట్టిగా పట్టుకున్నవాళ్లు పగ్గాలతోపాటే ముందుకొచ్చేవాళ్లు. గొళ్లెం గట్టిగా పట్టుకున్నాడు. మెడ మీదుగా జారి, పీట వేసినట్టు ఇసుకలో కూర్చున్నాడు. కళ్లజోడు చెక్కుచెదరలేదు.

"నేను పడలేదు మేడం. దింపాడు," అన్నాడు మర్యాదగా.

పది రోజులపాటు ఎడమ భుజానికి నూనె రాసుకున్నాడు. స్వారీకొచ్చే ఒక పంతులమ్మకీ ఎడమ భుజమే పట్టేసింది.

"నేనెక్కితే బాగానే ఉన్నాడే," అనేది మా ఆవిడ. రోజూ పొద్దున్నే, నేర్చుకునేవాళ్లు రాకముందు, వాడి ఒళ్లు వదులు చేయడానికి అరగంట తనే తిప్పేది. "చేతిలో కాస్త బరువుగా ఉంటాడు, అంతే. వాళ్లెక్కే వేళకి వాడికేదో అవుతోంది. ఎవరో ఏదో చేస్తున్నారు."

ఆమె అన్న 'ఎవరో'లో నేనూ ఉంటానని నాకు తెలుసు.

స్వారీ బడి యజమానిని పెద్దాయన అనేవాళ్లం. గొళ్లెం కింద కూర్చున్న మర్నాడు ఆయన కొట్టం దగ్గరికొచ్చాడు.

"ముళ్ల కళ్లెం వెయ్యమ్మా. నోరు మండితే వాడే దారికొస్తాడు."

"నోరు మండితే ఇంకా పారిపోతాడు సార్. ముందు ఎందుకు లాగుతున్నాడో తెలియాలి."

"తెలుసుకో మరి. నెలాఖరుదాకా చూస్తాను. తర్వాత నా వల్ల కాదు. ఇటుకబట్టీవాళ్లు బండికి అడుగుతున్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. మనుషుల్ని కింద పడేసే గుర్రం బడిలో ఎన్నాళ్లుంటుంది? కానీ అంతకుముందు బట్టీకి వెళ్లిన గుర్రం ఒకటి ఓసారి మాకు రోడ్డు మీద ఎదురైంది. మా ఆవిణ్ని చూసి ఆగింది. బండివాడు ఆగనివ్వలేదు.

నెలాఖరుకు ఇరవై నాలుగు రోజులుంది. ఆమె దర్యాప్తు మొదలుపెట్టింది.

మొదటి అనుమానం పళ్ల మీద. ఎడమవైపు పన్నేదో కడ్డీకి తగులుతోందనుకుంది. పశువుల డాక్టరు వచ్చి, చెయ్యి మోచేతిదాకా పెట్టి చూసి, ఒకచోట కాస్త వాడిగా ఉందని ఆకురాయితో అరగదీశాడు. ఆమె పక్కనే నిలబడి, తన చూపుడువేలు కూడా పెట్టి చూసుకుంది. రెండు రోజులాగి గొళ్లేన్ని ఎక్కించారు. అల్లుడు లాగాడు.

రెండో అనుమానం జీను మీద. అంటే నా మీద.

ఆ ఆదివారం నేను బజారునుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద నేను కుట్టిన జీను పొట్ట విప్పి పరిచుంది. లోపలి ఉన్నిని కుడిపక్కదొక కుప్ప, ఎడమపక్కదొక కుప్ప చేసి, కూరగాయలు తూచే తక్కెడలో తూస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"ఎడంవైపు తక్కువ కూరావేమోనని."

"నేనా? తక్కువా?"

"నువ్వని అనట్లేదు. నీ చెయ్యి అంటున్నా. పెద్దవాడివవుతున్నావు కదా."

ముల్లు నడిమధ్య నిలబడింది. ఆమె కుప్పలు అటుదిటు మార్చి మళ్లీ తూచింది. మళ్లీ మధ్యే. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను గట్టిగా అరిచింది ఆ రోజే. ఆమె తాపీగా ఉన్నినంతా నా ముందుకు నెట్టి, "బాగానే కూరావులే. మళ్లీ కుట్టెయ్," అంది. మూడు రోజులు పట్టింది కుట్టడానికి. ఆ మూడు రోజులూ నేను పచ్చడన్నంతో సరిపెట్టుకున్నాను. అదే నా నిరసన. ఆమె గమనించలేదు.

మూడో అనుమానం సాయీసు మీద పడింది. అక్కడ పని చెడింది.

సాయీసుకు యాభై దాటాయి. ఆమెను అక్కా అనీ, నన్ను బావా అనీ పిలిచేవాడు. వాడు తెల్లవారుజామున గుర్రాన్ని బయట ఎవరికో తిప్పడానికిస్తున్నాడనీ, వాళ్లు తల దించి కట్టేసి తోలుతున్నారనీ ఆమె ఊహ. నా పెట్టెలోంచి గుండీలు కుట్టే నూలుదారం ఒక పోగు తీసుకెళ్లి, సాయంత్రం సామాను గది తలుపుకి అడ్డంగా అంటించింది. పొద్దున చూస్తే దారం తెగుంది.

"ఎవరికిస్తున్నావ్ గుర్రాన్ని?" అని నిలదీసింది.

"ఏ గుర్రమక్కా?"

"దొంగ మాటలొద్దు. పొద్దున సామాను గదిలోకెందుకెళ్లావ్?"

సాయీసు పంచె మోకాలిదాకా ఎత్తి చూపించాడు. మోకాలు బెల్లం ముద్దలా వాచి ఉంది. గుర్రాల కాళ్లకు రాసే మందు తన మోకాలికి రాసుకోవడానికి వెళ్లాడు, అంతే. సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "వాసన చూసుకోండి మేడం," అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో వాడు ఆమెను మేడం అనడం అదే మొదలు. ఆ రోజునుంచి అక్క పోయింది. గడ్డి వేశానండీ మేడం, నీళ్లు పెట్టానండీ మేడం. ఆమె ఏమీ తెలియనట్టే తిరిగింది గానీ, ఇంట్లో రెండుసార్లు నన్నడిగింది: "నిన్నింకా బావా అంటున్నాడా?"

నెలాఖరుకు పదమూడు రోజులుందనగా, మధ్యాహ్నం, నా గదికి వచ్చి ఎదురు బల్ల మీద కూర్చుంది. నేను కొత్త పగ్గాలకు బకిల్సు బిగిస్తున్నాను. కడ్డీ నా చేతిలో ఉంది, పగ్గాల చివర్లు ఆమె ఒళ్లో పడ్డాయి. తోలు మెత్తబడిందా లేదా అని అలవాటుగా వాటిని చేతుల్లోకి తీసుకుంది. కళ్లు మాత్రం గుమ్మంలోంచి బయట కట్టేసిన అల్లుడి మీద ఉన్నాయి.

"నాకిప్పుడు గొళ్లెం మీదే అనుమానంగా ఉంది. పైకి మెతగ్గా కనబడతాడు గానీ..."

నేను వెలుతురు కోసం కడ్డీని నావైపు జరుపుకున్నాను. కుడి పగ్గం వచ్చింది. ఎడమది రాలేదు. ఎక్కడో చిక్కుకుందనుకుని చూశాను. ఎక్కడా చిక్కుకోలేదు. ఆమె చేతిలో ఉంది. ఇంకొంచెం జరిపాను. నేనెంత జరిపానో అంత ఆమె ఎడమ పిడికిలి వెనక్కి గుంజింది. మాట ఆగలేదు, చూపు మారలేదు. నేను వదులు చేసి ఇస్తే, ఆ వదులునూ తనే లాక్కుంది.

గొళ్లెం ఎడమ భుజం. పంతులమ్మ ఎడమ భుజం. రోజూ పొద్దున్నే అరగంట.

చెప్పాలా వద్దా? చెబితే జీను విప్పినందుకు కక్ష తీర్చుకుంటున్నానంటుంది. చెప్పకపోతే నెలాఖరుకు బట్టీ బండి వస్తుంది.

"ఒకసారి కళ్లు ముయ్యి."

"ఎందుకు?"

"ముయ్యవే."

"ముందు ఎందుకో చెప్పు."

"ఇప్పుడు నేను గుర్రాన్ని."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కళ్లు మూసింది. నేను కడ్డీని చాపాను, తిప్పాను, ఆగాను. కుడి చెయ్యి నీళ్లలో ఆకులా నా వెంట వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు.

"ఎడమది ఇవ్వట్లేదు నువ్వు," అన్నాను.

కళ్లు తెరిచింది. "జీను విప్పానని కక్ష కట్టావు కదూ?"

"కట్టాను. అయినా ఇవ్వట్లేదు."

"ఇరవయ్యేళ్లుగా ఈ బల్ల మీద జనం చేతులు చూస్తున్నదాన్ని నేను. నా చేతులు నువ్వు చూస్తావా?"

"ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు కదా, అందుకే."

లేచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "రుజువేంటి?" అంది.

రుజువు రాత్రే ఆలోచించి పెట్టుకున్నాను. ఆమె సాయీసు మీద వాడిన దారమే. పగ్గం కడ్డీకి తగిలించేచోట తోలుకు బదులు గుండీల దారం ఒకే ఒక్క పోగు, రెండు పక్కలా కట్టాను. సుతారంగా పట్టుకుంటే నిలుస్తుంది, గుంజితే తెగుతుంది. ప్రమాదం లేకుండా గుర్రం తలకు వేరే తాడు కట్టి నేను పట్టుకున్నాను.

రోజూలాగే గోడ ఎడమచేతి వైపుండేలా బయల్దేరింది. రోడ్డు మూల ఇంకా ఇరవై అడుగులుందనగా టప్పుమని ఎడమ దారం తెగింది.

"వాడే తెంపాడు," అంది.

"వాడింకా తల కదపనే లేదు."

మళ్లీ కట్టాను. ఈసారి దారం వంకే చూస్తూ వెళ్లింది. మళ్లీ అక్కడే తెగింది. తెగిన తర్వాతే అల్లుడు మెడ చాపాడు. మూడోసారి తెగాక ఆమె గుర్రాన్ని ఆపి, రోడ్డువైపు మూలను చాలాసేపు చూసింది. గోడ అవతల లారీలు వాటి పాటికవి పోతున్నాయి.

దిగి, గుర్రమెక్కే దిమ్మ మీద కూర్చుంది.

"టైరు పేలుతుందనుకుంటోంది," అంది, తన ఎడమ చేతిని పరాయివాళ్ల చేతిలా చూసుకుంటూ. "నాతో చెప్పకుండా అనుకుంటోంది."

ఆమే మళ్లీ అంది: "రోజూ పొద్దున్నే వాణ్ని బాగుచేస్తున్నాననుకున్నాను. లాగడం నేర్పుతున్నానన్నమాట. వాడు కుడికి దూకుతాడని నేను ముందే ఎడమకి పట్టేస్తే, వాడు మాత్రం నోరు విడిపించుకోకుండా ఎలా ఉంటాడు? నా చేతిలోంచి లాక్కోలేక, తర్వాత ఎక్కినవాళ్ల దగ్గర లాక్కుంటున్నాడు." అల్లుడి వంక చూసి, "అబద్ధాలు రావన్నది వాడికే. నాకు కాదు," అంది.

ఆ పన్నెండు రోజులూ ఆమె దారంతోనే స్వారీ చేసింది. మొదటి రోజు పదకొండుసార్లు తెగింది. రోడ్డు మూల వచ్చేసరికి చెయ్యి దానంతటదే బిగుసుకునేది. వేళ్లు విప్పడానికి ఆమె పాట పాడుకునేది. ఆమె గొంతు గురించి ఏమీ రాయను. అల్లుడు చెవులు వెనక్కి పెట్టేవాడు. వాడు మెడ చాపితే తన చేతులూ చాపేది. చాపిన మెడకి లాగడానికి అటువైపు ఏదీ దొరకక, వాడు ఆశ్చర్యపోయినట్టు ఆగి, తనే తల ఎత్తేవాడు. నాలుగో రోజునుంచి గొళ్లేన్ని కూడా దారానికి కట్టింది. ఆయన, "ఒక్క గుండీ పీకినా తట్టుకోలేని దారం మేడం ఇది, నన్నెలా ఆపుతుంది?" అని భయపడ్డాడు. ఎనిమిదో రోజుకి ఆయనకు తెగడం మానేసింది.

ఈ మధ్యలో ఒక సాయంత్రం ఆమె సాయీసు ఇంటికి వెళ్లింది. నన్నూ రమ్మంది. గుమ్మం బయటే నిలబడి చెప్పింది.

"నీ తప్పేం లేదు. తప్పు నాదని తేలింది. మోకాలెలా ఉంది?"

"బానే ఉంది మేడం."

"ఏది, చూపించు."

"నమ్మరా?"

"వాపు తగ్గిందో లేదో చూద్దామని."

సాయీసు పంచె ఎత్తాడు. ఆమె వంగి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని, గుర్రం కాలు చూసినట్టే నొక్కి చూసింది. "ఇంకా వేడిగా ఉంది. అబద్ధం చెప్పావు. రేపు పనిలోకి రావద్దు, నేను గడ్డి వేసుకుంటాను," అంది. సాయీసు నావైపు చూసి నవ్వాపుకుంటూ, "చూశావా బావా, అక్క మారదు," అన్నాడు.

నెలాఖరున పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "కింద పడ్డాయన్నే ఎక్కించు," అన్నాడు. గొళ్లెం ఎక్కాడు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడింది, నేను ఆమె పక్కన.

అల్లుడు నాలుగడుగులు వేశాడు, మెడ చాపాడు. గొళ్లెం చేతులు, పసిపిల్లాడడిగితే బొమ్మ ఇచ్చేసినట్టు, వాడి వెంటే వెళ్లాయి. అల్లుడు ఆగి, తల ఎత్తి నడిచాడు. రోడ్డు మూల దగ్గరికొస్తుండగా గోడ అవతల ఒక లారీ హారను గట్టిగా మోగింది. నేను గుర్రాన్ని చూడలేదు. మా ఆవిడ ఎడమ చేతిని చూశాను. పగ్గం లేకుండానే అది పిడికిలి బిగించి వెనక్కి గుంజింది. ఆమె కూడా చూసుకుంది. ఒక్కొక్క వేలే విప్పింది. అప్పుడు నేను తలెత్తేసరికి అల్లుడు మూల దాటి వస్తున్నాడు. ఒక చెవి మాత్రం గోడవైపుంది.

పెద్దాయన లేచొచ్చి గుర్రం నోరు తెరిచి చూశాడు. "ఏ కళ్లెం వేశావు?"

"పాతదే సార్."

"మరి ఏదో మందు పెట్టావు."

"లేదు సార్."

"ఈ దారమేంటి?"

"అది గుర్రానిక్కాదండీ, మాకు," అన్నాడు గొళ్లెం పైనుంచి.

పెద్దాయన దారాన్ని వేలితో మీటాడు. టప్పున తెగింది. తెగిన ముక్కను చూసి, మా ఆవిణ్ని చూసి, ఇందులో ఏదో మోసముందన్న మొహంతో, "సరే, ఉండనీ," అన్నాడు. బట్టీవాళ్లకు వేరే గుర్రం చూసుకోమని కబురెళ్లింది.

ఆ తర్వాత ఆమె స్వారీ చేసిన తొమ్మిదేళ్లూ ఆమె పగ్గాలకు గుండీల దారమే. మొదటి ఏడు కొన్నిసార్లు తెగింది. తర్వాత తెగలేదు. దాంతో కొత్త అనుమానం పట్టుకుంది. వారానికోసారి పగ్గాలు కిటికీ దగ్గరికి తెచ్చి, దారాన్ని వేళ్ల మధ్య నలిపి, "నన్ను సంతోషపెట్టడానికి రెండు పోగులు వెయ్యడం లేదు కదా నువ్వు?" అని అడిగేది. లేదనేవాణ్ని. అప్పుడది నిజమే.

చివరి ఏడాది జబ్బు ఆమె నడుములోని పట్టు తీసేసింది. డాక్టరు వద్దన్నా, వారానికి రెండుసార్లు అల్లుడి మీద నెమ్మదిగా రెండు చుట్లు తిరిగేది. పడిపోకుండా ఉండటానికి పగ్గాలు పట్టుకునేది. తప్పదు. వాడూ ముసలివాడయ్యాడు, ఆమె ఎంత పట్టుకున్నా ఏమీ అనేవాడు కాదు. ఆ ఏడాది నేను రెండు పోగులు వేశాను.

ఆమె ఎప్పటిలాగే పగ్గాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్లేది, దారాన్ని వేళ్ల మధ్య నలిపేది. కానీ ఆ ఏడాది ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. అందుకే నాకు అనుమానం, ఆమెకు తెలుసని.